నూట నలభై ఏడో మేకు

"నడుమ ఆ తొమ్మిది సెకండ్లు కోసేస్తే బాగుంటుందాంటీ. చూసేవాళ్లు వీడియో ఇరుక్కొనిందనుకొంటారు. అయినా ఇవి అంకుల్ చేతులు. మీరు ఊ అంటేనే కోస్తాను" అంది ప్రిన్సీ. కుముద నోరు తెరిచేలోపలే బయట వైరు లాగుతున్న విల్సన్ "పాపా, హోల్డరు యాడ పెట్టినావే?" అని కేకేశాడు. ఒళ్లోని లాప్‌టాప్‌ను బెంచీ మీదికి జరిపి, "యోచన చేసి పెట్టండి, ఇప్పుడే వస్తాను" అంటూ ఆ పిల్ల తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

కుముద ఒక్కతే మిగిలింది. ఒకప్పుడు గని కార్మికులు పేపర్లు చదువుకొనే రీడింగ్ రూము అది. గనులు మూతబడ్డాక ఇరవై ఏళ్లపాటు తాళం వేసి ఉండి, ఈ వారమే కిటికీలు తెరుచుకొన్నాయి. ఎంత తుడిచినా బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బల తెల్ల దుమ్ము సన్నగా వచ్చి బెంచీ మీద వాలుతూనే ఉంది. వేలితో గీత గీస్తే గీత పడుతోంది. చేతి వాచీలో పది దాటింది. పదకొండుకు జనం వస్తారు. బెంగళూరులో ప్రిన్సీ చదివిన శిల్పకళ కాలేజీ వాళ్లు రైలు దిగి బంగారుపేటలో టిఫిను చేస్తున్నారట. పదకొండుకే ఎస్తరమ్మ కూడా వస్తుంది. ఎస్తరమ్మ విల్సన్ తల్లి, ప్రిన్సీకి అవ్వ, ముప్పై ఎనిమిదేళ్ల కిందట గనిలో చనిపోయిన జెరాల్డు భార్య. ఈ శిల్పం ఆ జెరాల్డు పేరు మీదే. పక్కనున్న అట్ట మీద ప్రిన్సీ మూడు భాషల్లో రాసింది, మా తాతకు అని. తెలుగులో రాసిన చోట అక్షరాలు కొంచెం కిందికి జారాయి. స్కేలు పెట్టుకొని రాయాల్సింది అనుకొంది కుముద, అనుకొని, ఇప్పుడా నాకు ఈ ఆలోచన అని తన మీద తానే చిరాకు పడింది.

శిల్పం అంటే రాతితోనో కంచుతోనో ఉంటుందని ఆమె చదువుకొన్న పుస్తకాల్లో ఉండేది. ఇది ఆరడుగుల ఇనుప చట్రం, గనిలోకి మనుషుల్ని దించే కేజు తలుపు కొలతకు విల్సన్ వెల్డింగు చేసింది. దాంట్లో నిలువుగా ఒక పెద్ద టీవీ తెర. తెర ముందర అడ్డంగా పది సన్నని కమ్మీలు, కమ్మీకి ఇరవై చొప్పున మేకులు, ప్రతి మేకు కింద తెల్ల రంగుతో ఒక నంబరు. తెర మీద రెండు ముసలి చేతులు. మోచేతుల దాకా చేతులే, మనిషి లేడు. కుడిచెయ్యి, అక్కడ లేని ఇత్తడి బిల్లనొకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకొని వస్తుంది, ఒక మేకు దగ్గర ఆగుతుంది, తగిలిస్తుంది, వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది. పక్క మేకు. ఆ చేతులు ఎక్కడికి వెళ్తాయో అక్కడ మేకు ఉండేలా ప్రిన్సీ మూడు నెలలు కొలిచి, అతికించి, ఊడదీసి, మళ్లీ అతికించింది. అందుకే ఎదురుగా కూర్చొంటే తెరలోని చెయ్యి తెర బయటి మేకును నిజంగానే తాకినట్టుంటుంది. నాలుగు నిమిషాలకు రెండు వందల మేకులూ అయిపోతాయి, మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలు. అలసట లేని చేతులు. బతికి ఉండగా ఆ చేతులకు ఎంత అలసట ఉండేదో, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆయన ఇంటి గోడ ముందు నిలబడి నిలబడి, కూర్చోమంటే వినకపోతే, ఆమే భుజాలు పట్టి మంచం మీద కూర్చోబెట్టేది.

కుముద భర్త చంద్రశేఖర గని టైమాఫీసులో గుమాస్తా. కిందికి దిగేవాడికి వాడి నంబరు వేసిన ఇత్తడి బిల్ల కిటికీలోంచి ఇవ్వడం, షిఫ్టు దిగి పైకొచ్చినవాడి చేతినుంచి దాన్ని తీసుకొని బోర్డు మీద వాడి మేకుకు తగిలించడం, ఇరవై ఎనిమిదేళ్లు ఆయన చేసింది ఇదే. బోర్డు నిండితే అందరూ పైకొచ్చినట్టు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా భూమిలో ఉన్నట్టు, వాణ్ని వెతకాలి. ఎవరి బిల్ల వాళ్లే ఇవ్వాలి, ముఖం చూసి తీసుకోవాలి, అది రూలు. అలిసిపోయినవాళ్లు నీళ్ల కొళాయి దగ్గరికి పరుగెత్తుతూ నలుగురివి ఒకడి చేతికిచ్చి పంపడం వాడుక. మిగతా గుమాస్తాలు చూసీ చూడనట్టు తీసుకొనేవాళ్లు, చంద్రశేఖర మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి "ఓయ్ దొడ్డమునియప్పా, నీ మొగం చూపించి పో!" అని అరిచేవాడు. "ఏం సామీ, పెళ్లికొడుకును చూసినట్ల చూస్తావే" అని వాళ్లు నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి ఆ మాటలు చెప్పి ఆయనా నవ్వేవాడు. ఆ కచ్చితం చూసే కుముదకు ఆయనంటే గౌరవం కలిగింది. ఆమెదీ అదే స్వభావం. కోలారు కాలేజీలో బీయే చదివి, పాఠాలు చెప్పే ఉద్యోగానికి పోకుండా ఇల్లు పట్టుకొన్నా, చీర అంచు ఒక నూలు వంకర పోయినా దుకాణానికి తిరిగి తీసుకెళ్లేది. పప్పులో ఇంగువ ఎక్కువైందని వండినవాళ్ల ముందే చెప్పేది. మంచివాళ్లం అనుకొన్నారు ఇద్దరూ. అనుకోవడానికి నాలుగేళ్లు పట్టింది, పోవడానికి ఒక మధ్యాహ్నం చాలింది.

ఇప్పుడు వస్తుంది. ఎనిమిదో కమ్మీ. నూట నలభై నాలుగు, ఐదు, ఆరు. చెయ్యి నూట నలభై ఏడు దగ్గరికి వచ్చింది. ఆగింది. వేళ్లు మేకుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. కొద్దిగా వణుకుతున్నాయి. వెనక్కి వచ్చాయి. మళ్లీ ముందుకు పోయి ఆగాయి. అప్పుడు తగిలించింది చెయ్యి, చాలా మెల్లగా. తరువాత మామూలే, నూట నలభై ఎనిమిది, తొమ్మిది. ప్రిన్సీ లాప్‌టాప్‌లో ఇదంతా ఒక సన్నని గీత మీద రెండు ఎర్ర గుర్తుల మధ్య ఇరుక్కొని కనిపిస్తోంది. ఒక మీట నొక్కితే ఆ గుర్తులు దగ్గరికి జరిగి అతుక్కొంటాయట. అతికిన చోటు కూడా తెలియదట.

ముఖం ఉంటే తెలిసేది. ఆ తొమ్మిది సెకండ్లలో ఆయన తల ఎడమవైపు తిప్పేవాడు. గోడకు అటువైపు టైమాఫీసు కిటికీ ఉన్నట్టు, ఆ కిటికీ బయట ఎవరో నిలబడి ఉన్నట్టు, ముఖం చూడటానికి మెడ సాచేవాడు. చనిపోయే ముందు బుద్ధి మందగించిన ఆ రెండేళ్లలో కూతురు శ్రీరక్ష పేరు మరిచాడు, అన్నం తిన్నానో లేదో మరిచాడు, కుముదను "మీరెవరమ్మా" అని మర్యాదగా అడిగాడు. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి మాత్రం లేచి హాలు గోడకు లేని బిల్లలు తగిలించడం మరవలేదు, ఈ మేకు దగ్గర ఆగడం మరవలేదు. మొదట్లో ఆమె గమనించలేదు. ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఊరికే లెక్కపెట్టింది. మరునాడు మళ్లీ లెక్కపెట్టింది. మూడోనాడు లెక్కపెట్టలేక వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకొంది. ఆ రోజుల్లోనే ప్రిన్సీ వచ్చింది, చెయ్యెత్తు పొడవున్న పిల్ల, మెడలో కెమెరా, "తాత కాలంలో బిల్లల బోర్డు ఎట్లుండేదని అంకుల్‌ను అడగాల" అంటూ. ఆయనేం చెప్పగలడు? కానీ రెండైంది. ఆయన లేచాడు. ఆ పిల్ల మారు మాట్లాడకుండా కెమెరా ఎత్తింది. పొమ్మని చెప్పివుండాల్సింది. ఎస్తరమ్మ మనవరాలిని ఏమని పొమ్మంటుంది?

ఇంట్లో హాలు గోడకు ఒక ఫోటో ఉంది. రాబర్ట్‌సన్‌పేటలో ఒక స్టూడియోలో తీయించుకొన్నది. తాను నీలం పట్టుచీరలో, ఒళ్లో పదకొండు నెలల శ్రీరక్ష, వెనక చంద్రశేఖర కుర్చీ మీద చెయ్యి వేసి. మూడు గంటలకు రమ్మన్నాడు ఫోటోగ్రాఫరు. "షిఫ్టు దిగంగానే వచ్చేయండి, ఒక్క నిముషం లేటైతే పాప నిద్రపోతాది, ఏడుపు మొగంతో తీయించుకోవాల్సి వస్తాది" అని ఆ పొద్దున ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. మూడుసార్లు. గడప దాటాక నాలుగోసారి. ఆ మధ్యాహ్నం రెండూ పదికి ఓబలప్ప అనే కార్మికుడు పదకొండు బిల్లలు ఒక్క గుప్పిట్లో తెచ్చి కిటికీలో పోశాడు. ఆయన తల బయటపెట్టలేదు. మొగం చూపించమని అరవలేదు. పదకొండు మేకులకు పదకొండు బిల్లలు తగిలించి, పెన్ను జేబులో పెట్టుకొని, సైకిలెక్కాడు. ఆ పదకొండులో ఒకటి జెరాల్డుది. జెరాల్డు పైకి రానే లేదు. డ్రిల్లు రాడ్డు మరిచానని వెనక్కి పోతూ, "నా బిల్ల ఇచ్చేయన్నా, తరవాత కేజులో వస్తాను" అని ఓబలప్ప చేతిలో పెట్టాడట.

స్టూడియోలో దీపాలు వెలిగించి, కదలొద్దండి అని నల్ల గుడ్డలోకి తల దూర్చాడు ఫోటోగ్రాఫరు. భూమి అదిరింది. దీపం స్టాండు ఒక్క జానెడు పక్కకు నడిచింది. గనుల ఊరిలో అది కొత్త కాదు. కింద మైళ్ల లోతులో రాయి తనంతట తాను పగిలితే పైన ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి, జనం ఒక క్షణం ఆగి, ఎవరి షిఫ్టో లెక్క చూసుకొని, మళ్లీ పనిలో పడతారు. చంద్రశేఖర కూడా అలాగే లెక్క చూసుకొన్నాడు. "మా వాళ్లంతా పైకి వచ్చేసినారు, రెండో షిఫ్టు ఇంగా ఆ లెవెలుకు దిగలేదు, భయం లేదు" అన్నాడు. పాప ఏడ్చింది, ఊరుకోబెట్టారు, రెండోసారి తీశారు. అందుకే ఆ ఫోటోలో అందరూ కొంచెం నవ్వుతున్నారు. బయటపడ్డవాళ్ల నవ్వు. ఎంత బాగా వచ్చిందో అని వచ్చినవాళ్లంతా అనేవాళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు వారానికొకసారి తడిగుడ్డతో ఆమె దాని అద్దం తుడిచింది, మూలలు కూడా వదలకుండా.

సాయంత్రం ఎస్తరమ్మ గేటు దగ్గరికి వచ్చి, మా ఇంట్లో ఆయన ఇంకా రాలేదని అడిగితే, బోర్డు చూసి చెప్పారు, బిల్ల వచ్చేసింది పో, తాగి యాడో పడుంటాడు అని. నూట నలభై ఏడో మేకుకు బిల్ల మెరుస్తూ ఉంది మరి. మూడోనాడు రాళ్లు తీసేటప్పుడు దొరికాడు జెరాల్డు. విచారణలో బిల్ల ఎవరిచ్చారని అడిగారు. ఓబలప్ప నోరు మెదపలేదు, మరొకడి బిల్ల ఇచ్చినందుకు వాడి పని పోతుంది. చంద్రశేఖర "అతనే ఇచ్చాడు, ముఖం చూసి తీసుకొన్నాను" అన్నాడు. ఒక్క వాక్యం. ఆ వాక్యం లోపలికి పోయి బయటికి వచ్చేసరికి మరోటిగా మారింది. బిల్ల ఇచ్చినవాడు మళ్లీ కిందికి ఎందుకు పోయాడు? దొంగతనంగా ఎందుకు పోతాడు? బంగారం ఉన్న రాయి కోసం తప్ప ఎందుకు పోతాడు? ఎవరూ తీర్పు రాయలేదు. రాయాల్సిన అవసరం లేకపోయింది. కొళాయి దగ్గర, చర్చి మెట్ల మీద, రేషను క్యూలో ఊరే చెప్పుకొంది.

ఒక ఆదివారం ఆమె చాటలో బియ్యం ఏరుతూంటే ఆయన ఎదురుగా వచ్చి కూర్చొన్నాడు. చాటలోకి చూస్తూ అంతా చెప్పాడు, ఓబలప్ప ఏడుస్తూ చెప్పిన మాటలతో సహా. చెప్పి, "రేపు పోయి నిజం చెప్పేస్తాను కుముదా" అన్నాడు. ఆమె చేతిలో ఒక తెల్ల రాయి ఉంది. బియ్యపు గింజ లాంటిదే, పంటికి తగిలితే గానీ తెలియనిది. దాన్ని పారేసి చెప్పింది. వద్దండి. పోయినవాడు ఎట్లాగూ తిరిగి రాడు. మనకు ఆడపిల్ల ఉండాది. ఇంగ ఎవరితోనూ అనొద్దండి. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. సరే అన్నాడు. ఆ తరువాత ఆ మాట ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. కిటికీలోంచి ముఖాలు చూడటం మాత్రం ఎంత ఎక్కువైందంటే, కిటికీ కాడే పొద్దు పోతా ఉందని కార్మికులు పైవాళ్లకు ఫిర్యాదు చేశారు.

ఆమె మాత్రం ఏం చేసింది? ఏడేళ్ల విల్సన్‌ను బడిలో దొంగ కొడుకా అంటున్నారని తెలిసి, ఇంటికి పిలిచి లెక్కలు చెప్పింది. పదో తరగతి దాకా, ఒక్క పైసా తీసుకోకుండా. ఊరు మెచ్చుకొంది. ఎస్తరమ్మ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తూ, ప్రతి క్రిస్మసుకూ స్టీలు డబ్బాలో కల్‌కల్లు తెచ్చేది, గవ్వల్లా చుట్టి నూనెలో వేయించిన చక్కెర పాకం గవ్వలు. "మీ రుణం ఎట్ల తీర్చుకోవాల కుముదమ్మా" అని కళ్లు తుడుచుకొనేది. కుముద డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఊరికే ఇవ్వకూడదని అందులో చక్కెర పోసి తిరిగిచ్చేది. ఆ గవ్వలు శ్రీరక్ష తినేది. ఆయన తినేవాడు కాదు. ఆమె ఒకటి నోట్లో వేసుకొని, బాగా వేగాయని, పాకం కొంచెం ముదిరిందని, మనసులో అనుకొనేది. ఎంత నీచం, పాకం సంగతి అనుకోవడం.

చెయ్యి మళ్లీ ఎనిమిదో కమ్మీ మీదికి వచ్చింది. ఈసారి ఆమె చూడకూడదని కళ్లు మూసుకొంది. మూసుకొంటే వినబడింది. తెర పక్కనున్న చిన్న పెట్టెల్లోంచి వస్తున్న శబ్దం, తమ ఇంటి శబ్దం. ప్రిన్సీ దాన్ని తీసేయలేదు. కుక్కరు కూత. వీధిలో గ్యాసు బండివాడు. ఒక పాత ఫ్యాను కిర్రుమనడం. ఆ తరువాత, చెయ్యి ఆగివున్న ఆ కొద్దిసేపట్లోనే, దూరంగా, వంటింట్లోంచి ఒక ఆడమనిషి గొంతు: "చాలు రండి. ఇంగ వదిలేయండి." గొంతు ఎవరిదో ఆమెకు వెంటనే తెలియలేదు. కొంచెం విసుగు, కొంచెం ఆజ్ఞ. ఇలాంటి గొంతుతో ఒక మనిషి ఇంట్లో తిరుగుతూంటే ఎవరైనా ఏం చేస్తారు? కళ్లు తెరిచింది. ఆ మాట వినే, అప్పుడే, చెయ్యి బిల్లను తగిలిస్తోంది.

"ఏమంటారాంటీ?" ప్రిన్సీ వచ్చి నిలబడింది, ముక్కు మీద మసితో. "పదిన్నరైంది. కోసి మళ్లీ ఎక్కించేదానికి టైము కావాల."

తీసేయమ్మా అనడానికి సగం దాకా వచ్చింది నాలుక. అంటే అయిపోతుంది. ఆ రెండు ఎర్ర గుర్తులు దగ్గరికి జరుగుతాయి, ఆమె గొంతు కూడా వాటితో పోతుంది.

"ఉండనీ" అంది కుముద.

"ఇరుక్కొనిందని నవ్వితే?"

"నవ్వనీ. ఆయన అంతసేపు ఆగేవాడు. ఆగినంతా ఉండాల."

ప్రిన్సీ ఆమెను ఒక క్షణం చూసి, ముఖమంతా విప్పుకొని నవ్వింది. "నాకూ మనసు లేదాంటీ దాన్ని తీసేదానికి. మా కాలేజీ సారే అన్నాడు." లాప్‌టాప్ మూసేసి వెళ్లిపోయింది. కుముద ఒళ్లు తేలికైంది. చేయగలిగింది చేశాను అనుకొంది. ఆయన దాచలేదు, నేనూ దాచలేదు, ఇనుప చట్రంలో నలుగురి ముందు పెట్టాను. ఇకనుంచి నాలుగు నిమిషాలకొకసారి ఆయన ఒప్పుకొంటూనే ఉంటాడు. ఎవరో ఎక్కడో గమనిస్తారు. గమనించకపోతే అది వాళ్ల కంటి తప్పు. ఇలా అనుకొంటూ ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకొంది, ఇంటికెళ్లాక ఎసరు పెట్టడం గురించి కూడా ఆలోచించింది.

ఎదురుగా టీకొట్టు నడిపే పిల్లప్ప ట్రేలో గ్లాసులతో లోపలికి వచ్చాడు. గనిలో కేజు మోటారు నడిపినవాడు, ఇప్పుడు డెబ్భై దాటాయి. శిల్పం ముందు నిలబడి తల ఇటూ అటూ వాల్చాడు.

"బొమ్మంటే కన్నూ ముక్కూ ఉండాల గదమ్మా. ఇది మా కొట్టు షట్టరు మాదిరుండాది."

"షట్టరు కాదప్పా పిల్లప్పా, బిల్లల బోర్డు."

"అయ్యో, అవును కదా! చంద్రశేఖర సామి చేతులు! ఆ వేలి మచ్చ చూడు." వాడు నిజంగానే సంతోషించాడు. టీ ఇచ్చి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అయినా జెరాల్డు మనవరాలు ఈ బోర్డే చేసేదేందమ్మా. బిల్ల ఇచ్చి మళ్లా దిగినోడు వాడు, రాయి కోసరం. పాపం, పిల్లకు చెప్పుండరు. బెంగళూరోళ్ల ముందర ఎవడన్నా నోరు జారితే?" అని నొచ్చుకొంటూ, ఖాళీ ట్రే చంకన పెట్టుకొని వెళ్లాడు.

పిల్లప్ప చెడ్డవాడు కాడు. అదే ఆమెను కూర్చొన్నచోట కుదిపింది. ముప్పై ఎనిమిదేళ్ల తరువాత ఒక మంచివాడు జాలిపడుతూ అంటున్న మాట అది. వాడు ఆ తొమ్మిది సెకండ్లూ ఎదురుగా నిలబడి చూశాడు, వేలి మచ్చ పట్టుకొన్నాడు, ఆగడం మాత్రం వాడికి కనబడనేలేదు. ఎవరికి కనబడుతుంది? ఆ మేకు సంగతి తెలిసినవాళ్లు భూమ్మీద ఇప్పుడు ఒక్కరే. ఉండనీ అని తాను దయగా వదిలింది కూడా దాచిపెట్టడమే, ఈసారి దీపాలు వేసి, అద్దం వెనక, అందరూ వచ్చి మెచ్చుకొనేలాగ. ఇంట్లో ఫోటో పెట్టుకొన్నట్టే. టీ మీద మీగడ కట్టింది. ఆమె తాగలేదు. ఇంకా పావుగంట ఉంది. లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు, తల నొప్పి అని చెప్పవచ్చు. కాళ్లు లేవలేదు. లేవనందుకు ఆమెకు మొదటిసారి కాస్త ధైర్యం కలిగింది.

ఎస్తరమ్మ విల్సన్ చెయ్యి పట్టుకొని వచ్చింది. తెల్ల చీర, చర్చికి కట్టుకొనేది, మడతలు ఇంకా విడలేదు. కొడుకు ఆమెను కుముద పక్కన కూర్చోబెట్టి, "అమ్మా, టీచరమ్మతో మాట్లాడతా ఉండు, బెంగళూరోళ్లు గేటు కాడ ఉండారు" అని వెళ్లాడు. ఎస్తరమ్మ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకొంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని చూడటం మొదలుపెట్టింది. ఆమె చూపు చేతి వెంటే కదులుతోంది, మేకు నుంచి మేకుకు, పెదవులు నంబర్లు పలుకుతున్నాయి. కుముద తెరను చూడలేదు. ఆమె పెదవులనే చూసింది.

"ఏమి కుముదమ్మా, సారు ఆడ నిలిపేసినాడు?" అంది ఎస్తరమ్మ. "చెయ్యి నొచ్చిందా పాపం?"

అవును, ముసలితనం, అనవచ్చు. ఆ మాట కూడా సిద్ధంగానే ఉంది.

"అది జెరాల్డు మేకు" అంది కుముద.

తరువాత చెప్పింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక స్టూడియో నుంచి మొదలుపెట్టింది, మూడు గంటలకు రమ్మని తాను నాలుగుసార్లు చెప్పడం నుంచి. ఓబలప్ప గుప్పిలి. తల బయటపెట్టకపోవడం. డ్రిల్లు రాడ్డు. విచారణలో ఆయన అన్న వాక్యం. గొంతు వణకలేదు, అది తనకే చెడ్డగా తోచింది. ఆమె చెబుతున్నంతసేపూ ఎదురుగా చెయ్యి తగిలిస్తూనే ఉంది, రెండు వందలు దాటి మళ్లీ ఒకటికి వచ్చింది.

ఎస్తరమ్మ ఆ రెండోచుట్టు ఎనిమిదో కమ్మీ దాకా వచ్చేవరకూ ఆగింది. చెయ్యి నూట నలభై ఏడు దగ్గర ఆగి, వణికి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి తగిలించేదంతా చూసింది. అప్పుడు తెర నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"మీ ఇంటాయన నీకు చెప్పినాడు కదా. అప్పుడు నువ్వేమన్నావు?"

నలభై ఏళ్లలో ఆమె ఎప్పుడూ మీరు తప్ప అనలేదు. కుముదకు ఆ నువ్వు ఒంటికి సరిగ్గా కుట్టిన బట్టలాగ తోచింది.

"రేపు పోయి చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఎవరితోనూ అనొద్దన్నాను."

ఎస్తరమ్మ తల ఊపింది, చీటీలో రాసింది ఎవరో చదివితే విన్నట్టు. ఏడవలేదు. తిట్టలేదు. లేచి, శిల్పం దగ్గరికి నడిచి, తెరలో ఇప్పుడు చెయ్యి లేని ఆ మేకు మీద బొటనవేలు పెట్టి కొంచెంసేపు నిలబడింది. బయట కార్ల తలుపులు మూతపడుతున్నాయి, కన్నడంలో ఇంగ్లీషులో మాటలు, ప్రిన్సీ నవ్వు. జనం గుమ్మంలోకి వస్తున్నారు. టీకొట్టు పిల్లప్ప, రిటైరైన టీచర్లు, చర్చి వాళ్లు, ఆ వెనక కొత్త ముఖాలు.

"క్షమించమని అడగను" అంది కుముద, లేచి నిలబడి.

"అడగొద్దు." ఎస్తరమ్మ వెనక్కి తిరిగింది. "నా చెవిలో చెప్తే ఏమొస్తాదమ్మా? నా మొగున్ని దొంగన్నది నేనా? ఊరు. ఊరికి చెప్పు." అంతలోనే గొంతెత్తింది. "విల్సా! ఓ విల్సా! ఇట్ల రా. టీచరమ్మ మాట్లాడతాదంట. మైకుంటే ఇయ్యి."

విల్సన్ జనంలోంచి దారి చేసుకొని వచ్చాడు. ఆ ముఖం వెలిగిపోయింది. "మీరా అమ్మా? నేనే అడగాలనుకొంటి, ఒప్పరేమోనని అడగలేదు" అన్నాడు. స్టాండు తెచ్చి శిల్పం పక్కన నిలబెట్టి, మర తిప్పి, ఆమె నోటి ఎత్తుకు మైకు దించి, వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. హాలంతా సద్దుమణిగింది. "ఇప్పుడు మా లెక్కల టీచరమ్మ నాలుగు మాటలు మాట్లాడతారు" అని తానే మొదట చప్పట్లు కొట్టాడు. పిల్లప్ప కొట్టాడు, ప్రిన్సీ కొట్టింది, ఊరు పేరు తెలియనివాళ్లు కూడా కొట్టారు. ఎస్తరమ్మ ఒక్కతే చేతులు కట్టుకొని నిలబడింది.

కుముద విల్సన్ వైపు చూసింది. చూసి, మైకు వైపు తిరిగింది. ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడి ఎరగదు.

"ఆ రోజు బిల్ల జెరాల్డు ఇవ్వలేదు" అంది. విల్సన్ చేతులు చప్పట్ల మధ్యలో ఆగాయి.